సివిల్ మెయిన్స్: సెక్షన్ 100తో నేను పడిన తంటా, దొరికిన దారి

జూనియర్ సివిల్ జడ్జి ఫలితాలొచ్చినప్పటి నుంచీ సివిల్ పేపర్ ఎలా చదివారని చాలామంది అడుగుతున్నారు. ప్రిలిమ్స్‌కు బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం పాఠాలు), పాత పేపర్లు చాలు. నేను వివరంగా చెప్పాలనుకున్నది రెండో అప్పీలు గురించే, అంటే మొదటి అప్పీలు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లేది.

దాని గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ (CPC) సెక్షన్ 100 మనందరికీ కంఠతా వచ్చు. 1976 సవరణ తర్వాత సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా (ముఖ్యమైన న్యాయ ప్రశ్న) ఉంటేనే హైకోర్టు వినాలి. అంతవరకూ ఎవరైనా రాస్తారు. ఒక కేసు కథ ఇచ్చి ప్రాబ్లమ్ అడిగితేనే టెన్షన్. వాది చేతిలో రిజిస్టర్డ్ సేల్ డీడ్, ప్రతివాది చేతిలో పహాణీలు (భూమి రెవెన్యూ రికార్డులు). కింది కోర్టు దావా డిక్రీ చేసింది, జిల్లా కోర్టు కొట్టేసింది. హైకోర్టు మళ్లీ సాక్ష్యం చూడొచ్చా?

అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి (2008) తీర్పును మొదటి పేజీ నుంచి చదివాక నాకు లెక్క కుదిరింది. ఇంజంక్షన్ (అడ్డుకునే ఉత్తర్వు) సరిపోతుందా, డిక్లరేషన్ (హక్కు ప్రకటన) అడగాలా అన్నదానికే అందరం ఆ కేసు రాస్తాం. కానీ వరంగల్ స్థలం మీద నడిచిన ఆ వివాదంలో రెండో అప్పీలు పాఠం కూడా ఉంది. దావా వేసింది ఇంజంక్షన్ కోసం. టైటిల్ (యాజమాన్య హక్కు) మీద సరైన ప్లీడింగ్ (రాతపూర్వక వాదన) లేదు, ఇష్యూ (కోర్టు తేల్చాల్సిన అంశం) లేదు. అయినా హైకోర్టు రెండో అప్పీలులో టైటిల్‌లోకి వెళ్లింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది.

అప్పటి నుంచి ప్రాబ్లమ్ వస్తే ముందు ఒకటే చూసేవాణ్ణి: కింది కోర్టు ఆ నిర్ణయానికి ఎలా వచ్చింది? ఇద్దరు సాక్షుల్లో ఎవరిని నమ్మాలన్నదే గొడవైతే హైకోర్టుకు పని లేదు. దస్తావేజుకు తప్పు అర్థం తీసినా, అసలు సాక్ష్యమే లేకుండా తేల్చినా, ముఖ్యమైన పత్రాన్ని వదిలేసినా అది న్యాయ ప్రశ్న. రెవెన్యూ ఎంట్రీలతో టైటిల్ రాదు కాబట్టి, సేల్ డీడ్‌ను పట్టించుకోకుండా పహాణీల మీదే జిల్లా కోర్టు హక్కు తేల్చి ఉంటే జోక్యానికి చోటుంది. ఆ ప్రశ్నను 100(4) కింద ముందే రూపొందించాలి. వాస్తవాంశం తేల్చక తప్పకపోతే సెక్షన్ 103 ఉంది, అదీ రికార్డులో ఉన్న సాక్ష్యం సరిపోతేనే. ఈ వరసలో రాస్తే జవాబు దానంతటదే నిలబడుతుంది.

తీర్పులు పూర్తిగా చదివితే టైం వేస్ట్, హెడ్‌నోట్ (తీర్పు పైన ఇచ్చే సారాంశం) చాలని నాకు చాలామంది చెప్పారు. నేను వినలేదు, వినకపోవడమే సరైందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. రేపు ట్రయల్ కోర్టులో కూర్చునేది మనమే. ఒక రైతు భూమి మీద మనం రాసే వాస్తవ నిర్ణయాన్ని సెక్షన్ 96 కింద వచ్చే మొదటి అప్పీలులో జిల్లా కోర్టు తిరిగి చూస్తుంది. అది దాటితే ఆ వాస్తవాన్ని కదిలించడం దాదాపు కుదరదు. అందుకే సంతోష్ హజారీ (2001) కేసులో, ట్రయల్ కోర్టు తీర్పును తిరగరాసే మొదటి అప్పీలు కోర్టు ఆ తీర్పులోని కారణాలను దగ్గరగా పరిశీలించి, తన కారణాలు తాను రాయాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలు తీర్పులో ఏమేం ఉండాలో చెప్పే ఆర్డర్ 41 రూల్ 31 చదివేటప్పుడు ఈ కేసును కూడా కలిపి చదవండి.

లిమిటేషన్ చట్టంలో స్వాధీనం దావాల గడువు చెప్పే ఆర్టికల్ 64, 65 తేడా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో డిక్లరేషన్ గురించిన సెక్షన్ 34 కూడా దీంతో కలిపే చదవండి. భూమి ప్రాబ్లమ్ ఏది ఇచ్చినా ఈ మూడూ కలిసే వస్తాయి.