స్నానాల గది గోడకు టైల్స్: సగం దాటిన పని

పొడవాటి గోడ పూర్తయింది. కుళాయిలున్న గోడకు కింది వరుస, పైపుల దగ్గర కటింగులు మిగిలాయి. ఈ పని సొంతంగా చేసుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇంతవరకు జరిగింది రాస్తున్నాను.

ముందు గోడ సంగతి. 2 మీటర్ల అల్యూమినియం పట్టీని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి చూసి, 3 మిల్లీమీటర్లకు మించి సందున్న చోట్ల పూత వేసి చదును చేశాను. సిమెంటు ప్లాస్టరింగ్ కొత్తదైతే నాలుగు వారాలు ఆగడం మంచిది. నీళ్లు పడే మేరంతా వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేశాను. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ గుండా తేమ ఎంతో కొంత లోపలికి దిగుతుంది. గోడను కాపాడేది ఆ పూతే.

గోడ వెడల్పు 198 సెంటీమీటర్లు. 30×60 సెంటీమీటర్ల టైల్స్‌ను నిలువుగా, 2 మిల్లీమీటర్ల సందుతో పెడుతున్నాను. గోడ నడిమికి సందు వచ్చేలా మొదలుపెడితే రెండు మూలల్లోనూ 8 సెంటీమీటర్ల ముక్కలు మిగులుతాయి. అంత సన్నవి చూపుకూ బాగుండవు, కోతకూ నిలవవు. నడిమికి టైల్ మధ్యభాగం వచ్చేలా జరిపితే ఆ ముక్కలు 23 సెంటీమీటర్లయ్యాయి! ఒక నిలువు సందు కూడా తగ్గింది. టైల్ ముట్టుకోకముందే పెన్సిల్‌తో తేలిపోయే విషయమిది.

నేలను నమ్మి కింది నుంచి మొదలుపెట్టకూడదు. నేల ఎక్కడ అన్నిటికంటే పల్లంగా ఉందో చూసి, అక్కడి నుంచి ఒక టైల్ ఎత్తు కొలిచి, ఆ మట్టానికి తిన్నని చెక్క పట్టీ బిగించాను. రెండో వరుస దానిమీద నిలబడుతుంది. కింది వరుసను చివర్లో నేల వాలుకు తగ్గట్టు కోసుకుంటే సరి.

ఇక అతికించడం. నాలుగు మూలలా, నడుమ ఒకటి చొప్పున టైల్ అంటించే గమ్మును ముద్దలుగా పెట్టి నొక్కేసే పద్ధతిని నేను ఒప్పుకోను. ముద్దల మధ్య గాలి మిగిలి, తడితే డొల్లగా మోగుతుంది. మేకు కొట్టినా బరువు తగిలినా పగిలేది అక్కడే. 10 మిల్లీమీటర్ల పళ్లున్న తాపీతో గోడమీద గమ్మును గీతలుగా పరిచాను. గీతలన్నీ ఒకే దిక్కుకు, టైల్ పొట్టి అంచుకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు గాలి దగ్గరి దారిన బయటికి పోతుంది. టైల్ వెనక కూడా పలుచగా రుద్ది, గోడకు ఆనించి, గీతలకు అడ్డంగా కాస్త అటూ ఇటూ కదిపి నొక్కాలి. మధ్యమధ్యలో ఒక టైల్ ఊడదీసి వెనక చూశాను. గీతలన్నీ అణిగి, మూలలదాకా బూడిదరంగు నిండుగా పరుచుకుని ఉంది. ఆ దృశ్యం ఎంత తృప్తినిచ్చిందో!

ఒకేసారి రెండు మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే గమ్ము పరచాలి. వేలితో ముట్టుకుంటే అంటకపోతే పైపొర కట్టినట్టే. దాన్ని గీకేసి కొత్తది వేయాలి, నీళ్లు చల్లి మెత్తబరచకూడదు.

తర్వాతి పని పైపుల రంధ్రాలు. డ్రిల్లుకు బిగించే డైమండ్ బిట్‌ను మొదట ఏటవాలుగా ఆనిస్తే జారదు; గాడి పడ్డాక నిటారుగా తిప్పి, నీళ్లు పోస్తూ కోయాలి. కింది వరుస ఆరాక, కనీసం 24 గంటలు ఆగి గ్రౌట్ పెడతాను. గోడలు కలిసే మూలలు, నేల అంచు మాత్రం ఖాళీగా వదిలి సిలికాన్‌తో నింపాలి. గోడలు కదిలినప్పుడు గ్రౌట్ అక్కడ చీలిపోతుంది, సిలికాన్ సాగుతుంది.