బారిపదా వెళ్లొచ్చాం

సంక్రాంతి వెళ్లిన వారం అక్కా నేనూ బారిపదా బయల్దేరాం. అక్క సాలూరు వైపు కుష్ఠు రోగులకు ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఒడిశాలోని ఆ ఊళ్లో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీలు, స్టెయిన్స్ కుటుంబం, పనిచేసిన చోటు ఒకసారి చూడాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో కోరిక. బావ పోయాక తోడు లేక ఆగిపోయింది. "నువ్వొస్తావేట్రా?" అని అడిగితే కాదనలేకపోయాను. నాకు మాత్రం వెళ్లాలని లేదు.

ఎందుకు లేదో ముందే చెప్పేస్తాను. పదకొండేళ్ల కిందట గట్టు తగాదాలో పక్క పొలం కుర్రాడు మా తమ్ముణ్ణి కర్రతో తల మీద కొట్టాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి తమ్ముడు పోయాడు. కొట్టినవాడికి శిక్ష పడింది. జైలు నుంచి వచ్చి ఇప్పుడు మా ఊళ్లోనే, మా వెనక వీధిలోనే ఉంటున్నాడు. నేను ఆ వీధిలో నడవను. బజారుకి వెళ్లాలన్నా చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాను. ఆదివారం చర్చిలో అందరం ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతాం కదా, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న మాట దగ్గర నేను నోరు మూసుకుంటాను. దేవుడి ముందు అబద్ధం చెప్పలేక. ఆ మాట దాటాక మళ్లీ అందుకుంటాను. పక్కనే నిలబడే అక్కకు ఇది తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు.

విజయనగరంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బాలేశ్వర్. స్టేషన్ బయట మంచు, మట్టి ముంతల్లో టీ. అక్కణ్ణుంచి బస్సులో అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది బారిపదా. ఒడిశాలో ఉత్తరపు కొస అది, మయూర్‌భంజ్ జిల్లాకు ముఖ్య పట్టణం, పక్కనే బుఢాబలంగ నది. పూరీ తర్వాత జగన్నాథుడికి అంత పేరున్న ఊరని దీన్ని రెండో శ్రీక్షేత్రం అంటారు. రథయాత్రలో ఇక్కడ సుభద్ర రథాన్ని ఆడవాళ్లే లాగుతారు. ఆ సంగతి బస్సులో పక్క సీటావిడ అక్కకు గర్వంగా చెప్పింది. సాలూరు వాళ్లం కాబట్టి మాకు ఒడియా అర్థమవుతుంది. అక్కకైతే రోగులతో మాట్లాడీ మాట్లాడీ మన తెలుగంత ధారాళంగా వచ్చేసింది. హోటల్లో మరమరాలు, కూర తిన్నాం. అక్కడ పొద్దున్నే మరమరాల్లో మాంసం కూర కలుపుకుని తింటారు, బాగుంది.

కుష్ఠు ఆశ్రమం దగ్గరికి వచ్చేసరికి అక్క నడక మారిపోయింది. మోకాళ్ల నొప్పితో బస్సు మెట్లు దిగడానికే ఆయాసపడిన మనిషి, గేటు దాటగానే డ్యూటీకి వచ్చిన నర్సులా చకచకా నడిచింది. వరండాలో ఎండకు కూర్చున్న ఒక ముసలాయన దగ్గర ఆగి, పలకరింపు కూడా పూర్తి కాకుండానే ఆయన అరికాలు పట్టుకుని చూసింది. ఈ రోగం నరాలను తినేస్తుంది. స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా నిప్పు తగిలినా తెలియదు. వేళ్లు పోయేది ఎక్కువగా అలా తెలియని దెబ్బలు పుండ్లు పడి కుళ్లడం వల్లే. మందు 1980ల నుంచీ ఉంది, ఆరు నెలలో ఏడాదో వాడితే క్రిములు చస్తాయి. పోయిన స్పర్శ మాత్రం చాలామందికి తిరిగి రాదు. అందుకని రోజూ కాళ్లు నీళ్లలో నానబెట్టుకోవాలి, నూనె రాసుకోవాలి, మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోవాలి. అక్క ముప్పై రెండేళ్లు చెప్పింది ఇదే. ఆ ముసలాయనకు పద్నాలుగేళ్లప్పుడు ఇంట్లోవాళ్లు ఇక్కడ వదిలి వెళ్లారట, మళ్లీ ఎవరూ రాలేదట. ఆయన అది ఫిర్యాదులా చెప్పలేదు. మా అమ్మమ్మ చెల్లెలికి కూడా ఈ పెద్దరోగం వచ్చింది. పెరట్లో పశువుల పాక పక్కన ఆమెకు వేరే గది, వేరే కంచం. నా చిన్నప్పుడు ఆ కంచంలో దూరం నుంచి అన్నం వేసింది మా ఇంటివాళ్లే. కాబట్టి వదిలి వెళ్లినవాళ్లను అనడానికి నాకు నోరు రాలేదు.

ఆస్ట్రేలియా మిషనరీలు ఈ జిల్లాకు వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. గ్రాహం స్టెయిన్స్ 1965లో వచ్చారు. ఆయన రావడం వెనక నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. క్వీన్స్‌లాండ్‌లో చదువుకునే రోజుల్లో ఆయనకు బారిపదా కుర్రాడొకడితో కలం స్నేహం. ఇద్దరూ ఒకే రోజు పుట్టారు. సుమారు పదేళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాలు వచ్చిన ఊరికే వచ్చి, ఆయన ముప్పై మూడేళ్లకు పైగా ఉండిపోయారు. ఒడియా ధారాళంగా మాట్లాడేవారు, ఇక్కడి ఆదివాసుల హో భాషలో బైబిల్ అనువాదానికి సాయం చేశారు. 1983లో గ్లాడిస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఎస్తేరు, ఫిలిప్, తిమోతి వాళ్ల పిల్లలు. భార్యాభర్తలిద్దరూ ఈ వరండాల్లోనే పుండ్లు కడిగి కట్లు కట్టారు.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన కథే. 1999 జనవరి 22 రాత్రి. అడవి పల్లెల క్రైస్తవులు ఏటా కలుసుకునే కూటానికి గ్రాహం కొడుకులిద్దరితో కియోంజర్ జిల్లా మనోహర్‌పూర్ వెళ్లారు. పిల్లలు ఊటీ బడి నుంచి సెలవులకు వచ్చి ఉన్నారు. చలికి ముగ్గురూ చర్చి ముందు బండిలోనే పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక దారాసింగ్ అనేవాడు గుంపును వెంటేసుకుని వచ్చి బండిని బద్దలుకొట్టి, గడ్డి వేసి నిప్పు పెట్టాడు. కాపాడబోయిన ఊరివాళ్లను తరిమికొట్టారు. గ్రాహంకు యాభై ఎనిమిది నిండి ఐదు రోజులు. ఫిలిప్‌కు పదేళ్లు, తిమోతికి ఆరు. మత మార్పిళ్లు చేస్తున్నాడన్నది వాళ్ల ఆరోపణ. దాని మీద ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నిద్రపోతున్న ఆరేళ్ల పిల్లాడి కింద గడ్డి వేసి అంటించాక ఇంక వాదన ఏముంది?

ముగ్గురినీ పాతిపెట్టింది బారిపదాలోనే. సమాధుల దగ్గర అక్క చాలాసేపు కూర్చుంది, నేను నిలబడే ఉన్నాను. ఇక్కడే భూస్థాపన రోజున గ్లాడిస్, పదమూడేళ్ల ఎస్తేరు పాట పాడారు. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు, కోపం లేదు, ద్వేషాన్ని కాల్చేసి క్రీస్తు ప్రేమను వ్యాపింపజేద్దాం అన్నది గ్లాడిస్ ఈ దేశానికి చెప్పిన మాట. ఆ మాట టీవీలో విన్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా చర్చిలో అందరం ఏడ్చాం. ఎంత గొప్ప విశ్వాసం అనుకున్నాను. తమ్ముడు పోయాక అదే మాట గుర్తొస్తే ఒళ్లు మండేది. ఆమెకు ఎలా కుదిరింది? నోటితో అనడం తేలికే, చెల్లిపోయిందని రాసేసిన అప్పా ఇది? మా బంధువులు కొందరు నాతో, "క్షమించేయరాదా, బైబిల్లో ఉంది కదా" అనేవాళ్లు. చనిపోయింది వాళ్ల తమ్ముడు కాదు. క్షమించడమంటే ఏమీ జరగలేదని సంతకం పెట్టడం అనుకున్నాను నేను. అందుకే పెట్టలేదు.

నాకు తెలియనిది అక్క ఆ సమాధుల దగ్గర చెప్పింది. హంతకుల్ని వదిలేయమని గ్లాడిస్ ఎక్కడా అడగలేదు. క్షమించడం వేరు, నేరానికి పడే శిక్ష వేరు, రెండూ కలపొద్దు అన్నదామె. కోర్టు పని కోర్టు చేసింది. 2003లో దారాసింగ్‌కు ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011 జనవరి 21న సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. యావజ్జీవం పడిన రెండో మనిషి మహేంద్ర హెంబ్రమ్ 2025 ఏప్రిల్‌లో సత్ప్రవర్తన మీద విడుదలై బయటికి వచ్చాడు. ఇదంతా ఒక పక్క జరుగుతూ ఉంటే, గ్లాడిస్ ఏం చేసింది? విమానం ఎక్కి వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె కూతురితో ఇక్కడే ఉండి ఆశ్రమం నడిపింది. కట్లు కట్టింది. 2004లో ఆ ఆవరణలో భర్త పేరు మీద ఆస్పత్రి తెరిచాకే ఆస్ట్రేలియా వెళ్లింది. మరుసటేడు పద్మశ్రీ వచ్చింది.

"ఆవిడ చెప్పిన మాట ఒక్కరోజుది రా. ఆ తర్వాత ఐదేళ్లు ఉంది చూడు, అదీ" అంది అక్క.

నేను ఆ ఐదేళ్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. టీవీలో విన్న మాట దగ్గరే ఆగిపోయాను.

మర్నాడు కారు మాట్లాడుకుని మనోహర్‌పూర్ వెళ్లాం. సిమిలిపాల్ అడవుల అంచున, సాల చెట్ల మధ్య చాలా దూరం. సంతాల్ ఊళ్లు మన ఏజెన్సీ ఊళ్లకంటే శుభ్రంగా ఉన్నాయి. మట్టి గోడలకు నున్నగా అలికి, కింద ఒక రంగు, పైన ఒక రంగు పట్టీలు వేస్తారు. దారి పొడవునా సబాయి గడ్డి ఆరబెట్టి ఉంది, దాంతో తాళ్లు పేనుతారు. మనోహర్‌పూర్‌లో చిన్న చర్చి, ముందు ఖాళీ జాగా. అంతకంటే చూడ్డానికేమీ లేదు. పిల్లలు గోళీలాడుతున్నారు. ఒకడు తిమోతి వయసువాడే ఉంటాడు, ముక్కు చీదుకుంటూ మా కారు అద్దంలో మొహం చూసుకున్నాడు. నాకు కాళ్లలో బలం పోయినట్టయి రాయి మీద కూర్చున్నాను. తమ్ముడు పోయిన రోజు ఆస్పత్రి మెట్ల మీద అలాగే కూర్చున్నాను. పదకొండేళ్లలో కోపం చాలాసార్లు వచ్చింది కానీ ఏడుపు రాలేదు. అక్కడ వచ్చింది. ఆ పిల్లాడు బెదిరి వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరుగు రైల్లో బరంపురం ఇంకా రాలేదు, అక్క కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"వాళ్లమ్మకి కట్టు నేనే కడుతున్నాను."

"ఎవరమ్మకి?"

అడిగాను గానీ అర్థమైపోయింది. ఆ ముసలామెకు ఎప్పుడో కుష్ఠు వచ్చి నయమైందని, పాదాలకు స్పర్శ లేదని ఊళ్లో తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?"

"వాడు జైలుకెళ్లిన రెండో ఏడాది నుంచి. పుండు పురుగు పట్టింది. చూసేవాళ్లెవరున్నారు?"

"నీకు తమ్ముడు గుర్తు రాలేదా?"

"వెళ్లిన ప్రతిసారీ గుర్తొస్తాడు" అంది. "మొదటి ఏడాది వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు నేను. కట్టు కట్టి వచ్చేసేదాన్ని. చేతులు పని చేసేవి, మనసు మొండికేసేది. వాణ్ణి క్షమించమని నీకు నేను చెప్పనురా. నా మట్టుకు నాకే ఏ రోజు అయిందో తెలీదు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లు నా పక్కన నిలబడి ఆ ప్రార్థన పూర్తిగా చెప్పింది ఈవిడ. నాకు చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లింది. పలాస వచ్చేదాకా మాట్లాడలేదు. అక్క కూడా బతిమాలలేదు, శాలువా కప్పుకుని పడుకుంది. పలాసలో టీ తెచ్చి లేపాను.

ఊరికి వచ్చిన నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది. మోకాలు వాచిందట, సంచీ మోయలేకపోతోందట. సంచీలో ఏముందని అడగలేదు. వెళ్లి తీసుకున్నాను. దూది, గాజుగుడ్డ, కొబ్బరినూనె సీసా, కొత్త రబ్బరు చెప్పుల జత. చెరువు గట్టు వైపు తిరగబోయి, అక్క అంత దూరం నడవలేదని గుర్తొచ్చి వీధిలోకి మళ్లాను.

వాడు పనికి వెళ్లినట్టున్నాడు, ఇంట్లో లేడు. ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే పాదాలు చీర కిందికి లాక్కుంది. "కూర్చో నాయనా" అందామని నోరు తెరిచి, అనలేక ఆగిపోయింది. నేను కూర్చోలేదు. ఏం మాట్లాడాలో తెలియక బకెట్టు ఎక్కడుందని అడిగాను. చేత్తో చూపించింది. వీధి చివర బోరింగు కొట్టి నీళ్లు తెచ్చాను.

అక్క కింద పీట వేసుకుని పాత కట్టు విప్పి, ఆమె కాళ్లు బేసిన్‌లో పెట్టించింది. మడమలు మునగలేదు.

"ఇంకొంచెం పొయ్యిరా" అంది.

పోశాను.