కుంటే బల్ల

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. రాత్రి ఎనిమిదైంది, ఇంకా నూనె పట్టించనేలేదు. చేసింది పెరట్లో కూర్చోడానికి ఓ చెక్క బల్ల, అంతే. నాలుగు కాళ్లు, పైన ఐదు పలకలు. నిన్న కాగితం మీద గీసుకున్నప్పుడు రెండు గంటల పనిలా కనిపించింది.

మొదటి దెబ్బ రంపం దగ్గరే తగిలింది. 180 సెంటీమీటర్ల కర్ర ఉంది, కాలికి 45 చొప్పున నాలుగు కాళ్లు, లెక్క భలే కుదిరిందని మురిసిపోయాను. ఒక్కోటీ కొలుస్తూ, కోస్తూ పోతే చివరి కాలికి 44 చిల్లరే మిగిలింది. కోసిన ప్రతిసారీ రంపం మూడు మిల్లీమీటర్ల చెక్కని పొట్టు చేసి పారేస్తుంది మరి. మూడు కోతలకి దాదాపు సెంటీమీటరు! చేసేదేముంది, నాలుగింటినీ పక్కపక్కన బిగించి పొట్టిదాని ఎత్తుకే కోసేశాను.

తర్వాత మొదటి పలకకి అంచు దగ్గర నేరుగా స్క్రూ ఎక్కించాను. టప్‌మని చీలింది. అక్కడి నుంచి బుద్ధిగా, స్క్రూ కన్నా కాస్త సన్నటి బెజ్జం డ్రిల్లుతో ముందే వేసుకుని బిగించాను. పలకకీ పలకకీ మధ్య సందు కోసం పెన్సిల్ అడ్డం పెట్టాను. వానాకాలం చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, సందు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఈ ఒక్క పనీ ముచ్చటగా వచ్చింది.

సాయంత్రం బల్ల పెరట్లో గోడ వారగా వేశాను. పాప ఎక్కి కూర్చుని, అటూ ఇటూ ఊగి, "ఊయల చేశావా నాన్నా?" అంది.

నాకు రోషం వచ్చింది. ఓ కాలి అడుగు నుంచి నాలుగు మిల్లీమీటర్లు చెక్కేశాను. కుంటడం ఆగిపోయింది. ఆ గర్వం అరగంట కూడా లేదు. మబ్బు పట్టిందని బల్ల హాల్లోకి తెస్తే, నున్నటి గచ్చు మీద టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది.

అప్పుడు వెలిగింది. పెరట్లో నీళ్లు పోవడానికని ఆ మూల గచ్చు పల్లంగా చేశారు. తప్పు నేలది, శిక్ష బల్లకి. రంపం పట్టే ముందు బల్లని హాల్లో చదునైన గచ్చు మీద పెట్టి చూడాల్సింది. అక్కడా కుంటితే బల్ల వంకర, కుంటకపోతే పెరటి నేల వంకర. అర నిమిషం పని. ఆ అర నిమిషమే నా దగ్గర లేదు!

ఇప్పుడీ బల్ల లోకం మొత్తమ్మీద ఒక్క చోటే కుదురుగా నిలబడుతుంది. రేపు అవిసె నూనె పట్టించాలి, కాళ్ల అడుగున రెండు పూతలు ఎక్కువే, తడిని పీల్చేది అక్కడే కదా. నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయకుండా విప్పి ఆరేయాలి, లేకపోతే వాటంతట అవే వేడెక్కి మండిపోవచ్చు.

మబ్బు తేలిపోయాక బల్లని మళ్లీ పెరట్లోకి మోసుకెళ్లి, ఒక్కో కాలి చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. పాప సుద్ద లాక్కుని పక్కనే పెద్ద అక్షరాలతో రాసింది: "జరిపితే కుంటుతుంది."