ఎకో పెట్టని రికార్డు

అమెరికాల సొంతంగ పాటలు కట్టి పాడిన టౌన్స్ వాన్ జాండ్ట్ పాటలు కొత్తగ ఇనేటోళ్లు యాడికెల్లి మొదలుపెట్టాలె అనడిగితే నా జవాబు ఎప్పటికీ ఒక్కటే. స్టూడియోల చేసిన ఆల్బంలు అన్ని పక్కకు పెట్టుండ్రి, ముందుగాల ‘లైవ్ ఎట్ ది ఓల్డ్ క్వార్టర్’ ఇనుండ్రి. 1973 జూలైల టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ నగరంల ఓల్డ్ క్వార్టర్ అనే చిన్న క్లబ్బుల రికార్డు చేసిన్రు. బయటికొచ్చేసరికి 1977 అయింది. 26 పాటలు, ఒక గిటారు, ఒక గొంతు. బ్యాండు లేదు, వంతగాళ్లు లేరు.

నేను సంగీతం చదువుకున్నోన్ని కాదు. హన్మకొండల మైక్ సెట్ కిరాయికిచ్చే పని మాది, మా నాయిన కాలం నుంచి ఇదే. పెండ్లిళ్లు, బతుకమ్మ, బోనాలు, పార్టీ మీటింగులు, అన్నిటికి పోతం. అందుకని ఏ రికార్డు ఇన్నా పాట కంటే ముందు మైకు యాడ పెట్టిన్రు, గది ఎంతుంది, దగ్గింది ఎవరు అన్నదే నా చెవిల పడ్తది. రోగమనుకోండి. కని ఈ రికార్డు నాకు నచ్చింది ఆ రోగం వల్లనే.

మొదటి ట్రాకు పాట కాదు, అనౌన్స్‌మెంట్. క్లబ్బాయన మైకు పట్టి మాట్లాడ్తడు. వేరే కంపెనీ అయితే దాన్ని కోసి పారేస్తుండె, వీళ్లు ఉంచిన్రు. మంచి పని చేసిన్రు. ఆ నాలుగు మాటలతోనే గది కొలత తెలుస్తది. గొంతు గోడకు తగిలి ఎంత జల్ది తిరిగొస్తుందో చూస్తే చాలు, అది మన కుల సంఘం హాలంత గూడ ఉండదని నాకు అర్థమైపోయింది. సీసాలు తగులుకున్న చప్పుడు, వెనక ఎవరో నవ్వుడు, అన్ని ఉన్నయి. పాట మొదలైనంక మాత్రం అంత మంది నోర్లు మూసుకుంటరు. తాగే జాగల, జూలై ఉక్కపోతల, జనం అట్ల కూసునుడు ఉత్త ముచ్చట కాదు. రిసెప్షన్లకు సౌండు పెట్టి పెట్టి చెప్తున్న, పాడేటోడు ఎంత గొప్పోడైనా సగం పాట బిర్యానీ కౌంటర్ కాడి లొల్లిల పోతది.

ఎకో సంగతి చెప్పాలె. మా దిక్కు ఎవరు స్టేజీ ఎక్కినా మొదటి మాట, “అన్నా, జర ఎకో పెంచు.” పెంచుత. అడిగినంక ఇయ్యాలె కద, బేరం పోతది. ఎకో ఉంటే శ్రుతి తప్పినా దాసుకోవచ్చు, ఊపిరి చాలకపోయినా తెల్వదు. కని దాంతోపాటు మాట గూడ మునుగుతది. టౌన్స్ మొదటి ఆల్బం 1968ల వచ్చింది, ఆయనకు గూడ అదే గతి పట్టింది. మంచి పాటల మీద వాయిద్యాలు, కోరస్‌లు కుమ్మరించిన్రు. ఆయనకే అది సయించలేదు, అండ్ల ఉన్న పాటలు కొన్ని తర్వాతి ఆల్బంలల్ల మల్ల పాడిండు. ఆ ఆల్బంకు పేరిచ్చిన ‘ఫర్ ది సేక్ ఆఫ్ ది సాంగ్’ ఓల్డ్ క్వార్టర్ల గూడ ఉన్నది. రెండూ ఒకదాని ఎనుక ఒకటి ఇనుండ్రి. ఓల్డ్ క్వార్టర్ల బొటనవేలు లావు తీగల మీద దరువు నడిపిస్తుంటది, తక్కిన వేళ్లు సన్న తీగల మీద రాగం తీస్తుంటయి. మాటకు మాటకు నడుమ ఆయన గాలి పీల్చేది గూడ ఇనొస్తది. ఎర్ల్ విల్లిస్ అనే ఆయన చేసిన రికార్డు ఇది. ఆయన యాడన్న కనపడితే రెండు చేతులెత్తి మొక్కుత.

ఇగ అనౌన్స్‌మెంట్ కాంగనే వచ్చేది ‘పాంచో అండ్ లెఫ్టీ’. 1983ల విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ అనే పేరున్న పాటగాళ్లు కలిసి పాడితే ‘కంట్రీ’ అనే అమెరికా పల్లె బాణీ పాటలల్ల నంబర్ వన్ అయిన పాట. ఓల్డ్ క్వార్టర్ల కూసున్నోళ్లకు పదేండ్ల తర్వాతి సంగతి తెల్వదు కద, వాళ్లకు అది తమ దిక్కు పిలగాడు పోయినేడు ఆల్బంల పెట్టిన పాట, అంతే. కథేందంటే, పాంచో అనే బందిపోటును మెక్సికో ఎడారిల మట్టుపెడ్తరు. ఆయన తోటోడు లెఫ్టీ అదే దినం ఓహాయోకు ఎల్లిపోతడు. దారి ఖర్చులకు పైసలు ఎవరిచ్చిన్రో పాటల చెప్పడు.

ఈ పాట పెడితే మా దుకాణంల కొట్లాట ఖాయం. మా బామ్మర్ది లారీ నడుపుతడు. “లెఫ్టీగాడే పట్టిచ్చిండు బావా. పైసలు యాడియంటే ఇంకేం సాక్ష్యం గావాలె?” అంటడు. డిగ్రీ కాలేజీల ఇంగ్లీషు చెప్పి రిటైరైన సారు ఒకాయన సాయంత్రం చాయ్‌కి వస్తడు. “పాట రాసినాయనే తీర్పు చెప్పలేదు, నీకెందుకయ్యా తొందర?” అని ఆయన. వాళ్లిద్దరు అట్లనే నడిపిస్తుంటరు, నేను అంప్లిఫయర్ వైర్లకు టాంకా పెట్టుకుంట ఇంటుంట.

నాకు మాత్రం షాపూర్ పాపన్న, గదే సర్వాయి పాపన్న, యాదికొస్తడు. జనగామ దిక్కు ఖిలాషాపూర్ల ఆయన కోట ఇప్పటికీ ఉన్నది. 1708ల ఓరుగల్లు మీద పడి కొల్లగొట్టిండు, 1710ల మొగలోళ్ల చేతుల పడి సచ్చిండు. కల్లు దుకాణంల ఆనవాలు పట్టి చెప్పిన్రని అంటరు. నేనిన్న మన కథలల్ల పట్టిచ్చినోన్ని నాలుగు తిట్లు తిట్టకుంట కథకుడు ముందుకు పోడు, ఇనేటోళ్లు గూడ ఊకోరు. టౌన్స్ తిట్టడు. లెఫ్టీ ముసలోడై సలికి వణుక్కుంట సౌక లాడ్జిల పడున్నడని చెప్పి, ఆయన కోసం గూడ దేవున్ని మొక్కుమంటడు. బామ్మర్దికి మండేది గదానికే.

గోదావరిఖని నుంచి మా సోపతి ఒకడు వస్తుంటడు, సింగరేణిల బాయి పని చేసిండు. ఇంగ్లీషు అంతగ రాదు. ‘టెకమ్సీ వ్యాలీ’ పెట్టి ముక్క ముక్క అర్థం చెప్పిన. బొగ్గు బాయిల పనిచేసేటాయన బిడ్డ కారలైన్. పని ఎతుక్కుంట ఇంకో ఊరికొస్తది. నాలుగు పైసలు జమ చేసి ఇంటికి పోదామనుకునేసరికి తండ్రి సచ్చిపోయిండని కబురొస్తది. ఆనుంచి ఆ పిల్ల బతుకు జారిపోతది, ఆఖరికి మెట్ల కింద సచ్చి పడుంటది, చేతుల ఒక చీటీ. టౌన్స్ ఈ కథను మొదటి చరణం ఏ గొంతుతోని పాడిండో ఆఖరి చరణం గూడ గదే గొంతుతోని పాడ్తడు. ఎత్తడు, వణికించడు, గిటారు గూడ ఆపడు. సావు కబురొచ్చిన చరణం, పిల్ల పనికి కుదిరిన చరణం ఒకే నడకల పోతయి. మావోడు అంతా ఇని, “బాయిల మనిషి పోతే ఆఫీసుల గిట్లనే చెప్తరు” అన్నడు. ఇంకేం మాట్లాడలే, చాయ్ చెప్పుమన్నడు.

గిసొంటి పాటలు వరుసగ ఇంటే మనిషి ఆగమైతడు కద అనొచ్చు. కాడు, నడుమ నడుమ నవ్విస్తడు గనుక. ‘ఫ్రాటర్నిటీ బ్లూస్’, సౌక మందు మీద కట్టిన ‘టాకింగ్ థండర్‌బర్డ్ బ్లూస్’, ఈ రెండు సగం ముచ్చట సగం పాట. గది మొత్తం పకపక నవ్వుతది. ఒగ్గు కథ ఇన్నోళ్లకు దీని మర్మం చెప్పక్కర్లేదు. ఐలోని మల్లన్న జాతరకు మైకు పెట్టినప్పుడు చూసిన, కథ బాగ బరువెక్కిందంటే వంతల ఒకడు అడ్డం దూరి ఏదో ఒక పిచ్చి మాట అంటడు, జనం నవ్వుతరు, డోలు మీద రెండు దెబ్బలు పడ్తయి, మల్ల కథకుడు మొదటికంటే లోతుకు తీస్కపోతడు. నవ్వించింది ఊకె కాదు. ఈ రికార్డుల గూడ అంతే, నవ్వులన్ని ముందటి సగంల అయిపోతయి, ఆఖరుకు ‘వెయిటింగ్ ఎరౌండ్ టు డై’, దాని ఎంటనే కారలైన్ పాట.

అన్ని పాటలు బంగారం అని నేననను. బో డిడ్లీది ‘హూ డూ యూ లవ్’ ఈయన గొంతుకు అతకలే, నేను దాటేస్త. ‘వైట్ ఫ్రెయిట్‌లైనర్ బ్లూస్’ బామ్మర్ది లారీల పెట్టుకుంటడు, జనగామ దాటినంక సౌండు పెంచుతడంట. ‘రెక్స్స్ బ్లూస్’ రెండున్నర నిమిషాలు గూడ ఉంటదో ఉండదో, క్లబ్బు ఓనర్లల్ల ఒకడు, బేస్ గిటారు వాయించే రెక్స్ బెల్ పేరు మీద కట్టిండు. సోపతి గాని మీద పాట కట్టి వాని క్లబ్బులనే పాడుడు ఎంత ధైర్యమో!

అప్పుడు టౌన్స్‌కు 29 ఏండ్లు. గొంతు ఇంకా తాగుడుకు చిక్కలే. తర్వాతి కాలం కచేరీలు ఇన్న, కొన్నిట్ల మాట తడబడ్తది, పాట నడుమ ఆగిపోతడు. అవి గూడ ప్రేమగ ఇనేటోళ్లు ఉన్నరు, నాతోని కాదు. 1997 జనవరి 1న సచ్చిపోయిండు, 52 ఏండ్లకు. ఆయన గురువు లెక్క చూసిన కంట్రీ పాటగాడు హ్యాంక్ విలియమ్స్ గూడ జనవరి 1ననే పోయిండు, 1953ల.

ఈ రికార్డు ఇన్నకాడి నుంచి నాకు ఒక పురుగు తొలుస్తున్నది. మా దిక్కు కథలు పాడే పెద్దమనిషి ఒకాయన ఉన్నడు, డెబ్బై దాటినై. ఆయన పాట యూట్యూబ్ల ఉన్నది కని ఎకోల మునిగిపోయింది, ఒక్క మాట తెలివిగ ఇనరాదు. పోయి అడిగిన, “పెద్దయ్యా, మా దుకాణం ఎనుక అర్రల నీ కథ రికార్డు చేస్త, మనిద్దరమే, చప్పుడు గూడ ఉండదు” అని. ఆయన నా దిక్కు పిచ్చోన్ని చూసినట్టు చూసిండు.

“గోడలకు చెప్పాల్నా బిడ్డా కథ? ఊఁ కొట్టేటోడు ఎవడు?”

బేరం కుదిరింది. సంక్రాంతి దాటినంక, రాత్రి పూట, ఇరవై మందిని కూసోపెట్టాలె. పెద్దయ్యకు ఒక మైకు, జనం మీద ఒక మైకు, ఎకో బంద్. దగ్గితే దగ్గనీ, నవ్వితే నవ్వనీ. సారు వస్తనన్నడు, గోదావరిఖని సోపతి గూడ వస్తనన్నడు. బామ్మర్ది ఆ దినం విజయవాడ లోడు ఉన్నదని నసుగుతున్నడు, పట్టిచ్చినోన్ని పెద్దయ్య తిట్టే తిట్లు పోగొట్టుకుంటవురా అంటే ఆలోచన చేస్త అన్నడు.