రేణిగుంట పైన అరగంట

మొన్న మాఘమాసంలో అమ్మని తీసుకుని హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో వెళ్లాను. అమ్మకి విమానం ఎక్కడం అదే మొదటిసారి. కిటికీలోంచి శేషాచలం కొండలు కనిపించగానే "గోవిందా" అంటూ రెండు చేతులూ జోడించింది.

చక్రాలు దిగే చప్పుడు విన్నాం. రేణిగుంట ఇళ్లు దగ్గరకొచ్చేశాయి. ఉన్నట్టుండి ఇంజిన్ల హోరు పెరిగి విమానం మళ్లీ పైకి లేచింది.

కాసేపటికి కెప్టెన్ మైకులో చెప్పారు: ఒక చక్రం దిగి లాక్ అయినట్టు సూచన రావడం లేదట, కారణం ఇంకా తెలియదట, ఇంధనం ఉంది కాబట్టి నిదానంగా చూసుకుని దిగుతామన్నారు. తెలియని విషయాన్ని తెలియదని చెప్పడమే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

పక్క సీటులో పెద్దాయన విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారట. "మూడు పచ్చలైట్లు వెలగాలమ్మా, రెండే వెలిగుంటాయి. చక్రం సరిగ్గా దిగలేదో, దిగినా సెన్సరే చెప్పడం లేదో వాళ్లు తేల్చుకోవాలి. ఒకాయన విమానం నడపడమే చూసుకుంటాడు, రెండో ఆయన చెక్‌లిస్ట్ లైను లైనూ చదివి చేస్తాడు. ఇది ఎయిర్‌బస్ ఏ320. మామూలుగా దిగకపోతే ఒక పిడి ఉంటుంది, మూడు చుట్లు తిప్పితే చక్రాలు సొంత బరువుకే దిగుతాయి" అన్నారు.

1982 జూన్ 24 రాత్రి సంగతి కూడా ఆయనే చెప్పారు. జావా దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747కి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. అగ్నిపర్వతం బూడిద వల్లని పైలట్లకి అప్పుడు తెలియదు. అయినా ఇంజిన్లు స్టార్ట్ చేసే ప్రయత్నం ఆపలేదు. చివరికి అవి అందుకున్నాయి, జకార్తాలో క్షేమంగా దిగారు.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. మెడలోని స్వామి డాలర్‌ని గుప్పిట్లో బిగించి కూర్చుంది.

అరగంట తిరిగాక దిగాం. రన్‌వే పక్కన ఫైరింజన్లు వరసగా నిలబడి ఉన్నాయి. తలుపు దగ్గర కెప్టెన్‌ని అడిగితే, రెండోసారి చక్రాలు దించినప్పుడు మూడో లైటు వెలిగిందన్నారు. మొదట ఎందుకు వెలగలేదో ఇంజినీర్లు చూడాలట. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు నాయనా" అంది. ఆయనకి తెలుగు రాకపోయినా తల వంచి దణ్ణం పెట్టారు.

టాక్సీలో అమ్మ గుప్పిట విప్పింది. అరచేతిలో డాలర్ అచ్చు ఎర్రగా పడి ఉంది. అలిపిరిలో చెకింగ్‌కి దిగేదాకా అది పోలేదు.