ఒక్క గుంత, ఎన్నో దిశలు

ఈ మధ్య రాగి ఏకస్ఫటికాల (ముక్కంతా పరమాణువులు ఒకే వరసలో అమరినవి) మీద నానోఇండెంటేషన్ చేస్తున్నాను, అంటే వజ్రపు మొనతో అతి చిన్న గుంత గుచ్చి లోహం గుణాలు కొలవడం. పుస్తకంలో లెక్క చూస్తే భయం వేస్తుంది. రాగిలో పరమాణువుల అమరిక ఘనాకారం (క్యూబ్). స్ఫటికాన్ని ఆ ఘనపు అంచు దిశలో లాగితే యంగ్ గుణకం (సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత) సుమారు 67 గిగాపాస్కల్స్, ఘనం గుండా ఒక మూల నుంచి ఎదురు మూలకు పోయే మూలకర్ణం దిశలో అయితే సుమారు 191. దాదాపు మూడు రెట్లు! కానీ స్ఫటికం వేర్వేరు ముఖాల మీద వజ్రపు మొన దించి చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

మొన నిలువుగానే దిగుతుంది, కానీ దాని కింది లోహం పక్కలకూ ఏటవాలుగానూ నలుగుతుంది. అందుకే లోడు తీసేటప్పటి లోడు-లోతు గ్రాఫు వాలు నుంచి, 1992 నాటి ఆలివర్-ఫార్ పద్ధతిలో రాబట్టే గుణకం ఏ ఒక్క దిశదీ కాదు, చాలా దిశలు కలిసిన ఒక రకం సగటు. రాగి లాంటి ఘనాకార (క్యూబిక్) స్ఫటికానికే మూడు స్థితిస్థాపక స్థిరాంకాలుంటాయి (ఏ దిశలో ఎంత బిగువో చెప్పే సంఖ్యలు). ఒక్క ముఖం మీద ఒక్క గుంతతో వాటన్నిటినీ తేల్చేశామని ఎవరైనా అంటే నేను నమ్మను. ముఖాలు మార్చి గుచ్చాలి, ఆపైన ఫైనైట్ ఎలిమెంట్ (వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో చేసే) లెక్కలతో కుస్తీ పట్టాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం గుంత అంచు. గుండ్రటి శంకువు మొనతో గుచ్చినా, ఘనపు ముఖం మీద ఎగదన్నుకొచ్చిన లోహం గుండ్రంగా ఉండదు, నాలుగు వైపులా నాలుగు గుబ్బలు! చూడముచ్చటగా ఉంటాయి గానీ, స్పర్శ వైశాల్యాన్ని అవే పెంచేస్తాయి. ఆలివర్-ఫార్ సూత్రం వాటిని పట్టించుకోదు, అందుకే లోడును వైశాల్యంతో భాగించి చెప్పే కాఠిన్యాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. అందుకే వైశాల్యాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, గుంతను అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో (సన్నటి సూదితో తడిమి ఎత్తుపల్లాలు చూపే పరికరం) విడిగా కొలుస్తున్నాను.