సరిగ్గా ఆ సీన్‌లోనే లేవాలా?

పదకొండు దాటింది. పిల్లలు పడుకున్నారు, ఆయనకి నైట్ షిఫ్ట్. నాకే నిద్ర పట్టడం లేదు. కారణం చాలా చిన్నది. నాన్న సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం పట్టుబట్టి అందరినీ కూర్చోబెట్టి ‘ఒకే ఒక జీవితం’ పెట్టాను. 2022లో హాల్లో చూసిన రోజే అనుకున్నాను, ఇది నాన్నకి చూపించాలని. శర్వానంద్ అందులో ఆది. మంచి గొంతు ఉంది, కానీ స్టేజీ ఎక్కితే పెగలదు. చిన్నప్పుడే పోయిన అమ్మ పక్కనుంటే పాడేవాణ్ణని బెంగ. నాజర్ కనిపెట్టిన టైమ్ మెషీన్ ఎక్కి, ఇద్దరు స్నేహితులతో 1998కి వెళ్తాడు, ఆమెని ఎలాగైనా బతికించుకోవాలని. తీరా అమ్మగా వేసిన అమల ఎదురుపడితే, నీ కొడుకునని చెప్పుకోలేడు. అలా చూస్తూ ఉండిపోతాడు. ఆ చూపు చాలు నాకు.

సరిగ్గా అక్కడే నాన్న, “ట్యాంకు నిండిందేమో చూసొస్తా” అని లేచారు. “ఆపి ఉంచనా?” అంటే, “మీరు చూడండమ్మా” అన్నారు. పావుగంటకి వచ్చి, ఫోనులో వార్తలు చదువుకుంటూ కూర్చున్నారు.

ఒళ్లు మండిపోయింది. ఇవాళ ఒక్కరోజేనా? అక్క అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తుంటే ఈయన వంటవాళ్ల దగ్గర నిలబడి మిగిలిన గిన్నెలు లెక్కపెడుతున్నారు. నన్ను హాస్టల్లో దింపిన రోజు “బస్సు టైమైంది” అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. మనసు కదిలే చోట ఆయనకి ఏదో ఒక పని గుర్తొస్తుంది. చిన్నోడు కూడా అడిగాడు, “తాతయ్యకి సినిమా నచ్చలేదా?” అని. ఏం చెప్పను?

నానమ్మ పోయేటప్పటికి నాన్నకి తొమ్మిదేళ్లు. ఆవిడది ఒక్కటే ఫొటో ఉంది, ఎవరిదో పెళ్లిలో తీసింది. అందులోనూ ముందు నిలబడ్డావిడ భుజం అడ్డొచ్చి సగం మొహమే కనపడుతుంది. నేను ఐదో క్లాసులో ఉండగా ఊరెళ్లాం. పడిపోయిన పాత ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాను, “నాన్నా, నానమ్మ గొంతు ఎలా ఉండేది?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఏమోనమ్మా. పిలిస్తే పరుగెత్తుకెళ్లేవాణ్ణి, అంతవరకే గుర్తు” అన్నారు. తర్వాత లేచి సైకిల్ టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూశారు. అప్పుడే గాలి కొట్టించుకుని వచ్చాం. నొక్కిన టైరునే మళ్లీ మళ్లీ నొక్కడం ఇప్పటికీ నా కళ్లకి కడుతుంది.

ఇది రాస్తుంటే కోపం తగ్గింది. ట్యాంకు సాకు అనుకున్నాను. ఆ చూపు భరించలేక పైకెళ్లి ఒంటరిగా నిలబడి ఉంటారనుకున్నాను. ఉండబట్టలేక ఇందాక డాబా మీదకెళ్లి చూశాను. నేలంతా తడి. ట్యాంకు నిజంగానే పొంగింది. నాన్న లుంగీ అంచు కూడా తడిసి దండెం మీద ఆరుతోంది. మరి నేను అల్లుకున్న కథ? ఆయన కన్నీళ్లు పెట్టుకుంటే చూడాలని నాకెందుకంత ఆరాటం? సినిమా ఆయన కోసం పెట్టానా, నా కోసమా? తెలియడం లేదు.

ఒక మాట చెప్పడం మర్చిపోయాను. సినిమా అయ్యాక నాన్న ఒక్కటే అడిగారు, “ఆ అమ్మ పాట ఎవరు రాశారు?” సిరివెన్నెల అని చెప్పాను. “ఆయన పోయారు కదా?” “అవును నాన్నా, 2021 నవంబరులో. సినిమా ఆ తర్వాతే వచ్చింది.” కాసేపాగి, “ఇంకోసారి పెట్టు” అన్నారు. పెట్టాను. సిద్ శ్రీరామ్ పాడుతున్నంతసేపూ ఎక్కడికీ లేవలేదు. ఫోను బోర్లించి పెట్టారు. నేను ఆయన మొహంలోకి చూడలేదు.

ముందు గదిలో నాన్న దగ్గు వినపడింది.

“అమ్మా, ఇంకా పడుకోలేదా?”

లైటు తీసేస్తున్నా.